తాత మెదడు, రెండుసార్లు పడ్డ సున్నం

నిజామాబాద్‌లో స్కానింగ్ సెంటర్‌లో తొలి ఉద్యోగం దొరికేనాటికి నాకు ఇరవై నాలుగేళ్లు. ఎమ్మారై యంత్రం అప్పటికి మా ఊరికి కొత్త. దాన్ని నడిపే కోర్సు చదివి వచ్చాను కాబట్టి నేనూ కొత్తే. నేను చేసే పనేమిటో ఇంట్లో మూడుసార్లు వివరించాను. మూడోసారి మా అమ్మ, "అంటే ఫోటో స్టూడియో అన్నట్టే కదరా" అని తేల్చేసింది. నాలుగోసారి ప్రయత్నించలేదు.

ప్రతి గురువారం హైదరాబాద్ నుంచి నరాల డాక్టర్ మేడం వచ్చేవారు. వయసు పైబడుతున్నకొద్దీ మెదడులోని తెల్ల భాగం ఎలా మారుతుంది, ఆ మార్పుకూ మతిమరుపుకూ ఎంత సంబంధం ఉంది అన్నది ఆమె అధ్యయనం. మెదడు పైపొర బూడిద రంగులో ఉంటుంది. లోపలి తెల్ల భాగం తీగల కట్టలాంటిది, ఒకచోటి కబురును ఇంకోచోటికి మోస్తుంది. వయసు వల్లా, బీపీ వల్లా ఆ తీగల మీది పూత అక్కడక్కడా చెడుతుంది. మేము తీసే చిత్రాల్లో ఒక వరుస ఉంది. అందులో చెడిన చోటు తెల్లగా మెరుస్తుంది, తెల్ల భాగమేమో బూడిద రంగులో కనిపిస్తుంది. పేర్లు పెట్టే పని నాకు అప్పగించి ఉంటే ఇంత గందరగోళం ఉండేది కాదు.

అధ్యయనానికి రెండు రకాల ముసలివాళ్లు కావాలి. మరుపు ఉందని ఇంట్లోవాళ్లు తీసుకొచ్చేవాళ్లు ఒక రకం, వాళ్లకు కొదవ లేదు. ఏ లోపమూ లేనివాళ్లు రెండో రకం, వాళ్లను వెతికే పని నాది. ఆర్మూర్ నుంచి బోధన్ దాకా తెలిసినవాళ్లందరినీ అడిగాను. "ఏం లేనోడు డాక్టర్ తానికి ఎందుకొస్తడు సార్?" అని ఒకాయన నన్నే ఎదురు అడిగాడు. నోటుబుక్కులో ఆ రెండో జాబితా కింద గీతలు గీసి, వరుస సంఖ్యలు వేసి ఉంచాను. సంఖ్యల పక్కన మనుషులే లేరు.

అలాంటప్పుడు మా తాత గుర్తొచ్చాడు. అమ్మకు నాన్న. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పాన్ మీద పనిచేసి రిటైరయ్యాడు. పాన్ అంటే చెరకు రసం చిక్కబడి పలుకు కట్టే పెద్ద పాత్ర. అద్దం ముక్క మీద ఒక చుక్క వేసి, వెలుతురుకు పట్టి, పలుకు ఏ దశలో ఉందో చెప్పడమే ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక, బోధన్ పక్క ఊళ్లో మామ వేసిన చెరకు తోటలో బెల్లం కడాయి ముందు కూర్చున్నాడు. సీజన్ నాలుగు నెలలూ ఆయన చెప్పిందే పాకం.

కానీ కిందటి సీజన్‌లో ఒక కడాయిలో సున్నపు నీళ్లు రెండుసార్లు పోశాడు. రసంలోని మడ్డి తేలడానికి సున్నపు నీళ్లు ఒకసారి పోస్తారు. రెండోసారి పోస్తే బెల్లం నల్లబడుతుంది. నల్లబడింది. బోధన్ అంగడిలో దాన్ని చూసిన ఒక మరాఠీ వ్యాపారి, ఇది బెల్లమా బొగ్గా అని మామను తన భాషలో అడిగాడట. ఆ రోజు నుంచి మామ ఆయనను కడాయి దగ్గరికి రానివ్వలేదు. ఈ సీజన్ మొదలైనా తాత ఇంటి అరుగు మీదే కూర్చుని, పొగ వచ్చే దిక్కుకు చూస్తూ, "మంట ఎక్కువ పెట్టిన్రు" అని పొగ రంగును బట్టి తప్పులు చెబుతున్నాడు.

నేను వెళ్లి స్కాన్ సంగతి చెప్పగానే ఇద్దరూ ఒకేసారి ఒప్పుకున్నారు. నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత విడివిడిగా అడిగి తెలుసుకున్నాను.

"ఫోటోల తేలిపోతది అల్లుడా," అన్నాడు మామ. "బాపు తలకాయ పనిజేస్తలేదని నువ్వు కాగితం దెస్తే, ఇగ కడాయి మాట ఎత్తడు. కాలు జారి అండ్ల పడ్డడంటే ఎవడు జవాబు జెప్పాలె?"

"తీయిరా ఫోటో," అన్నాడు తాత. "నా తలకాయ మంచిగున్నదని సర్కారు మిషన్ జెప్తె, మీ మామ నోరు బందైతది."

అది ప్రైవేటు మిషన్ అని చెప్పాను. తాత పట్టించుకోలేదు.

అలా ఒక జనవరి గురువారం వాళ్లిద్దరూ పొద్దున బస్సు దిగారు. యంత్రం గదిలోకి లోహపు సామాను పోకూడదు కాబట్టి తాత ఒంటి మీదివి తీయించి పళ్లెంలో పెట్టించాను: వెండి మొలతాడు, దర్గా నుంచి తెచ్చిన తాయెత్తు, బీడీల డబ్బా, ఒక తాళం చెవి, ఎందుకు ఉందో ఆయనకూ తెలియని ఒక బోల్టు. "పండ్లు గూడ తియ్యాల్నా?" అని అడిగాడు. కట్టుడు పళ్లు కాబట్టి తీయాలన్నాను. "పండ్లు లేకుంటె జవాబులు సక్కగ రావు. ముందు పరీక్ష పెట్టు," అన్నాడు. న్యాయంగానే తోచింది.

పరీక్ష అంటే ముప్పై మార్కుల ప్రశ్నల కాగితం. జ్ఞాపకశక్తి, లెక్క, తేదీ, స్థలం అన్నీ అందులో ఉంటాయి. ఎలా అడగాలో మేడం నేర్పించారు: సాయం చేయకూడదు, కాగితంలో ఉన్న జవాబు వస్తేనే మార్కు. నియమాలంటే నాకు ఇష్టం. మనవడిలా కాకుండా పరీక్ష పెట్టేవాడిలా కనిపించాలని వీపు నిటారుగా పెట్టుకుని కూర్చున్నాను.

"ఇవాళ ఏ వారం?"

"జుమేరాత్."

గురువారమని రాసి ఉంది. ఉర్దూలో చెప్పినా వారం వారమే కదా అని పెద్దమనసుతో ఒక మార్కు వేశాను.

"తేదీ?"

"పది."

ఆ రోజు పది కాదు. సున్నా.

"ఏ నెల?"

"ఇస్ఫందార్."

అలాంటి నెలను నేను ఎక్కడా వినలేదు. సున్నా.

"ఏ సంవత్సరం?"

"పద్నాలుగు వందల పదమూడు," అన్నాడు తాత, తడుముకోకుండా.

వందల ఏళ్లు వెనక్కి పోయాడే అనుకున్నాను. కానీ ముఖంలో కనపడనివ్వకూడదన్నది కూడా నియమమే. ఇప్పుడు ఏ కాలం అని అడిగాను. చెరకు ఆడే కాలం అన్నాడు. కాగితంలో చలికాలమని ఉంది. ఏ జిల్లా అంటే పాత పేరుతో ఇందూరు అన్నాడు. నిజామాబాద్ అని ఉంది. చెట్టు, గడియారం, పడవ అనే మూడు మాటలు చెప్పి కాసేపయ్యాక అడిగితే మూడూ చెప్పి, "పడవ ఎందుకు పెట్టినవురా? బోధన్ల పడవ ఏడుంటది?" అని ఎదురు ప్రశ్న వేశాడు. వంద నుంచి ఏడేసి తీసేయమంటే నాకంటే ముందే తీసేశాడు. కాగితం తీసుకుని, సగానికి మడిచి, నేల మీద పెట్టమన్నాను. తీసుకుని, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. "మంచి కాగితం కింద పడేస్తరా?" అన్నాడు. చివరికి ఒక వాక్యం రాయమంటే ఉర్దూలో రాశాడు. నాకు ఉర్దూ చదవడం రాదు. సున్నా.

మొత్తం ఏడు మార్కులు పోయాయి. మేడం గీసిన గీతకు ఒక్క మార్కు కింద పడ్డాడు మా తాత.

తర్వాత యంత్రంలో పడుకోబెట్టాను. కదలకూడదు, చప్పుడుకు భయపడకూడదు అని చెప్పాను. భయపడలేదు సరికదా, బయటికి వచ్చాక పళ్లు పెట్టుకుని, "మీ మిషన్‌కు బేరింగులు పోయినయ్. గ్రీజు పెట్టిస్తలేరా?" అన్నాడు. ఆ చప్పుడు బేరింగులది కాదని వివరించబోయి మానుకున్నాను, ఎందుకంటే అప్పటికే తెర మీద చిత్రాలు ఒక్కొక్కటీ వస్తున్నాయి.

మెదడు నడుమ నీళ్లుండే గదులు ఉంటాయి. వాటి చుట్టూ అక్కడక్కడా చుక్కలుంటే వయసు అనుకుంటాం. తాత చిత్రంలో చుక్కలు చుక్కలుగా లేవు. ఒకదాంతో ఒకటి కలిసిపోయి, రెండు వైపులా గోడల వెంట సున్నం చిమ్మినట్టు ఉన్నాయి. ఆ పోలిక నాకు ఆ రోజు తట్టకుండా ఉంటే బాగుండేది.

బయట బెంచీ మీద మామా తాతా పక్కపక్కన కూర్చున్నారు. ఇద్దరూ ఒకే ఫోటో కోసం ఎదురుచూస్తున్నారు. గెలిచింది మామ అని అప్పటికి నా ఒక్కడికే తెలుసు. కడాయి ముందు కూర్చున్న తాతను చూస్తూ పెరిగినవాడిని. ఆయనను అరుగుకు అంటగట్టే కాగితం నా చేతి మీదుగా వెళ్లబోతోంది.

మేడం చిత్రాలు చూశారు, మార్కులు చూశారు. "రెండూ సరిగ్గా సరిపోయాయి. ఈయన రెండో జాబితా కాదు, మొదటి జాబితా," అన్నారు. తర్వాత నా ముఖం చూసి, "ఏమైంది?" అని అడిగారు.

"మా తాత మేడం."

"సొంత తాతకు నువ్వే పరీక్ష పెట్టావా? ఇన్ని నియమాలు రాసుకున్నావు, సొంతవాళ్లకు పరీక్ష పెట్టకూడదని రాసుకోలేదా?"

రాసుకోలేదు. జాబితాల మనిషికి ఇంతకంటే పెద్ద శిక్ష ఉండదు.

అయితే ఒక అలవాటు నన్ను కాపాడింది. మార్కు వేసినా వేయకపోయినా, చెప్పిన జవాబును పక్కనే ఉన్నదున్నట్టు రాస్తాను. మేడం ఆ రాతలు చదువుతూ ఇస్ఫందార్ దగ్గర ఆగారు. "ఇదేమిటి?" అన్నారు. తెలియదన్నాను. "తెలియని దానికి సున్నా ఎలా వేశావు?"

మా సెంటర్ మెట్ల పక్కన ఒక ముసలి సాహెబ్ దస్తావేజులు రాస్తూ కూర్చునేవాడు. కాగితం తీసుకుని ఆయన దగ్గరికి పరుగెత్తాను. సాహెబ్ కళ్లద్దాలు పైకి నెట్టి నవ్వాడు.

"ఫసలీ క్యాలెండర్ బేటా! నిజాం జమానాల ఇస్కూల్ల గదే నడిచింది. గిది ఇస్ఫందార్ నెలనే. సాల్ గూడ సహీ. తారీకు ఒక్కటే... నా లెక్కల పదకొండు. మీ తాత ఒక్క దినం ఎనక ఉన్నడు."

"ఇది కూడా చదువు చాచా," అని తాత రాసిన వాక్యం చూపించాను. ఆయన చదివి, ఈసారి నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

"'నా మనుమడు నన్ను ఒకటో తరగతిల కూసోబెట్టిండు, వాని సొంత చదువు ఇంక అయిపోలేదు' అని రాసిండు. దస్తూరీ బహుత్ అచ్ఛా ఉన్నది."

నేను తిరిగి వచ్చి తాతను అడిగాను. రోజూ మామూలు తేదీలే చెప్పే మనిషివి, ఇక్కడ ఫసలీ ఎందుకు చెప్పావు?

"నువ్వు ఉస్తాద్ లెక్క కూసొని అడిగితివి," అన్నాడు తాత. "చిన్నప్పుడు రోజు పొద్దుగాల్ల ఉస్తాద్ గిట్లనే అడుగుతుండె. చెప్పకుంటె బెత్తం. నాకు గదే నోట్లకొచ్చింది. అయినా, ఏ నెల అని అడిగినవ్ గని, ఎవల లెక్కల అని అడగలే కదా!"

మేడం ఎర్ర పెన్ను తీసుకుని మార్కులు తిరిగి వేశారు. నెల, సంవత్సరం, కాలం, జిల్లా, వాక్యం వచ్చాయి. తేదీకి ఇవ్వలేదు. సాహెబ్ ఒప్పుకోలేదు కదా అన్నారు. జేబులో పెట్టుకున్న కాగితానికీ ఇవ్వలేదు. తాత గీత దాటి పైకి వచ్చాడు. నేను మామ వైపు గెలిచిన ముఖంతో చూశాను.

"తొందరపడకు," అన్నారు మేడం. "మార్కులు మారాయి. చిత్రం మారలేదు."

ఆమె ఇంకో కాగితం తీశారు. దాని మీద అంకెలూ అక్షరాలూ చెల్లాచెదురుగా ఉన్నాయి. ఒకటి నుంచి 'అ'కు, 'అ' నుంచి రెండుకు, రెండు నుంచి 'ఆ'కు గీత కలుపుతూ పోవాలి. తాత నెమ్మదిగా కలుపుతున్నాడు. చాలా నెమ్మదిగా. ఒక నర్సు తలుపు తీసి మేడంను ఏదో అడిగి వెళ్లిపోయింది. తాత తలెత్తి చూసి, మళ్లీ కాగితం వైపు తిరిగి, ఎక్కడ ఆపాడో వెతుక్కుని, దొరక్క, మళ్లీ ఒకటి దగ్గర పెన్ను పెట్టాడు.

ఆ గదిలో ఎవరమూ నవ్వలేదు. మామ కూడా.

మేడం కుర్చీ దగ్గరికి జరుపుకుని అడిగారు: "తాతగారూ, ఆ రోజు సున్నం పోసేటప్పుడు ఏం జరిగింది?"

ఏడాదిగా ఇంట్లో ఆ సున్నం మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. ఏం జరిగిందని మాత్రం ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

"సున్నం పోస్తున్న," అన్నాడు తాత. "గప్పుడే పొయ్యిల పిప్పి అయిపోయిందని ఒగడు మొత్తుకున్నడు. ట్రాక్టర్ వచ్చిందని వీడు మొత్తుకున్నడు." వీడంటే మామ. "ఇద్దరికి జవాబు జెప్పి ఇటు తిరిగిన. చేతిల సున్నం చెంబు ఉన్నది. చెంబు చేతిల ఉన్నదంటె, ఇంక పొయ్యలేదన్నట్టే కద?"

మామ నేల చూశాడు.

"మీ జ్ఞాపకం బాగానే ఉంది," అన్నారు మేడం. "చేసే పని మధ్యలో ఎవరైనా పక్కకు లాగితే, తిరిగి ఆ పనిలోకి రావడానికి దారి దొరకడం లేదు. ఈ చిత్రంలో తెల్లగా కనిపించేది చెడిన ఆ దారే. బీపీ గోలీలు రాస్తాను, రోజూ వేసుకోవాలి. లేకపోతే ఇది ఇంకా పెరుగుతుంది."

"మరి కడాయి దగ్గరికి పోవచ్చునా మేడం?" తాతా మామా ఒకేసారి అడిగారు.

"ఈ ఫోటోకు బెల్లం వండడం రాదు. నాకూ రాదు. ఒకసారికి ఒక్క పని చేయనివ్వండి. చేయగలరో లేదో పక్కన నిలబడి చూసినవాళ్లే చెప్పాలి."

"ఫ్యాక్టరీల గూడ ఒక్క పనే జేసిన," అని తాత గొణిగాడు. "గీడికొచ్చినంకనే అన్ని పనులు నా నెత్తిన పెట్టిన్రు."

మేడం తాతను మొదటి జాబితాలోనూ రాయలేదు, రెండో దానిలోనూ రాయలేదు. పరీక్ష పెట్టినవాడు మనవడు కాబట్టి ఆయన కాగితాలను పక్కన పెట్టేశారు. నా నోటుబుక్కులో ఆయన పేరు రాసిన చోట ఇప్పుడొక కొట్టివేత ఉంది.

తిరుగు బస్సు ఎక్కే ముందు మామ తన తీర్పు చెప్పాడు. ఆదివారం ఒక్క కడాయి. అది మంచిగా వస్తే తాత సీజన్ అయ్యేదాకా కూర్చోవచ్చు. నల్లబడితే ఇక జన్మలో కడాయి మాట ఎత్తకూడదు. తాత ఒప్పుకుని మామ చేతిలో చెయ్యి వేశాడు. "నువ్వు గూడ రా," అని నాతో అన్నాడు. "నువ్వే సాక్షి."

సాక్షిగా వెళ్లేవాడు ఉత్త చేతులతో వెళ్లకూడదని, తెలిసిన కాలేజీ ల్యాబ్ నుంచి ఒక థర్మామీటర్ తీసుకెళ్లాను. పాకం ఎన్ని డిగ్రీల దగ్గర దించాలో పుస్తకంలో చూసి రాసుకున్నాను.

ఆదివారం పొద్దున కడాయిలో రసం కాగుతోంది. తాతకు ఎత్తు పీట వేశారు, కడాయికి రెండు అడుగుల దూరంలో. సున్నం చెంబు మామ చేతిలో ఉంది. పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోసే ఇద్దరికీ, ఏమైనా ఉంటే తాతతో కాకుండా తనతో చెప్పాలని మామ గట్టిగా చెప్పాడు. మడ్డి కదలగానే తాత చెయ్యి అలవాటుగా చెంబు కోసం పక్కకు పోయింది. అక్కడ ఏమీ లేదు. చెయ్యి వెనక్కి తీసుకుని మోకాలి మీద పెట్టుకున్నాడు.

"పొయ్యిరా ఇగ," అన్నాడు.

మామ పోశాడు.

కాసేపయ్యాక, "పోసినవా?"

"పోసిన బాపు."

ఇంకాసేపయ్యాక, "పోసినవారా?"

"పోసిన అంటున్న గద! ఇగ నాకు గూడ ఫోటో తీయిస్తవా ఏంది?"

పిప్పి ఎగదోసేవాళ్లు పగలబడి నవ్వారు. తాత నవ్వలేదు, కానీ మూడోసారి అడగలేదు. మడ్డి తీసేశారు. రసం రంగు మారింది. బుడగలు పెద్దవయ్యాయి, తర్వాత చిన్నవయ్యాయి. తాత గిన్నెలో నీళ్లు పెట్టుకుని, గరిటెతో ఒక చుక్క అందులో వేసి, వేళ్ల మధ్య ఉండ చేసి, పారేశాడు. ఇంకో చుక్క. పారేశాడు. ట్రాక్టర్ వచ్చి ఆగింది. అందరం తాత వైపు చూశాం. ఆయన తల తిప్పలేదు.

మరో చుక్క వేసి, ఉండను గోటితో నొక్కి, "దించుండ్రి," అన్నాడు.

నేను థర్మామీటర్ చూశాను. "ఇంకా రెండు డిగ్రీలు కావాలి తాతా."

"దించుండ్రి అన్న."

"పుస్తకంలో..."

మామ నా వైపు చూశాడు. గాజు గొట్టం వైపు చూశాడు. రెండు డిగ్రీలంటే ఎంతసేపని అడిగాడు. రెండు మూడు నిమిషాలన్నాను. కడాయి చెడితే తను గెలుస్తాడు, ఇంకో రెండు నిమిషాలు ఊరుకుంటే చాలు. ఆ లెక్క నాకు తెలిసినట్టే ఆయనకూ తెలుసు. తాత ఎవరినీ చూడడం లేదు, వేళ్ల మధ్య ఉండను అలాగే పట్టుకుని ఉన్నాడు.

"ఏం సూస్తున్నర్రా?" అని మామ పనివాళ్ల మీద అరిచాడు. "బాపు జెప్తున్నడు ఇనవడ్తలేదా? దించుండ్రి!"

పనివాళ్లు కలిసి కడాయి దించి వొంచారు. అచ్చుల్లో పోశాక మేమందరం ఏ పనీ లేనట్టు అటూ ఇటూ తిరిగాం. గట్టిపడిన మొదటి అచ్చును మామ తానే తిరగేసి తట్టాడు. ఒక మూల విరిచి ఎండకు పట్టాడు. మేడి పండు రంగులో ఉంది, పలుకు తళుక్కుమంది. నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలాడు.

"మంట జర ఎక్కువైంది," అన్నాడు చివరికి. "లేకుంటె ఇంక మంచిగొచ్చు."

"మంట నేను పెట్టలేదు," అన్నాడు తాత. "నాది ఒక్కటే పని."

మామ మిగిలిన ముక్కలో సగం విరిచి నాకిచ్చాడు. సున్నం చెంబు కడిగి బోర్లించాడు. తాత లేవడానికి చెయ్యి అందించి, ఆయన నిలబడ్డాక కూడా ఆ చెయ్యి వదలకుండా, నేను వినకూడదన్నట్టు గొంతు తగ్గించి అడిగాడు.

"రేపు ఎన్నింటికి మొదలువెడ్దాం బాపు?"